రంగుల షెడ్డులో బెల్లం కమిటీ

ఎండుచేపల వ్యాపారంలో మునిగిపోవడానికి దగ్గరి దారి ఒకటుంది. సరుకు పూర్తిగా ఎండిందో లేదో చూసుకోకుండా తూకానికి కొనేయడం. నాలుగెండలు తగిలేసరికి గంపలో సగమే మిగులుతుంది. మిగతా సగానికి మనం కొన్నది ఉప్పునీళ్ళు. మైలపల్లి నూకరత్నం ఈ సంగతి పెళ్ళికి ముందే తల్లి పక్కన సంతలో కూర్చుని నేర్చుకుంది. అప్పట్నించీ చేపనైనా, మనిషినైనా, మనిషిచ్చిన మాటనైనా తడి తీసేస్తే ఎంత మిగులుతుందో అంచనా కట్టడం ఆమెకు అలవాటైపోయింది.

మొగుడు ఎల్లాజీని కూడా ఒకరోజు అలాగే తూచి చూడవలసి వచ్చింది.

ఎల్లాజీ విశాఖ శివార్లలో ఉన్న ప్రభుత్వ పీపాల కార్పొరేషన్లో రంగులు కొట్టే మనిషి. ఇనప పీపాల్లోపల తల దూర్చి రంగు చిమ్మాలి. పాత పీపాలైతే ముందు రంగు కరిగించే థిన్నర్లో ముంచిన గుడ్డతో తుడవాలి. చేతికంటిన రంగు పోవడానికీ థిన్నరే, చొక్కాకంటింది పోవడానికీ థిన్నరే. తడి రంగు మీద దుమ్ము పడకూడదని షెడ్డు తలుపులు ఎప్పుడూ మూసే ఉంటాయి. పెళ్ళినాటి నుంచీ అతనిది అదే పని.

ముందు తలనొప్పి వచ్చింది. తరవాత కోపం వచ్చింది. పిల్లిని కూడా అదిలించని మనిషి, అన్నం తిని చెయ్యి కడుక్కుని, అన్నం ఇంకా పెట్టలేదేమని కంచం విసిరికొట్టడం మొదలుపెట్టాడు. ఓ సాయంత్రం తన వీధిలోనే నిలబడి ఇంటికి దారి అడిగి, దారి చెప్పినవాడితో తగువు పెట్టుకొచ్చాడు. నూకరత్నం అతన్ని పెద్దాసుపత్రికి తీసుకెళ్ళింది. అక్కడి డాక్టరమ్మ పరీక్షలన్నీ చేసి, చాలాసేపు అడిగి తెలుసుకుని, ఉన్నమాట చెప్పింది.

"ఏళ్ళ తరబడి ఆ థిన్నర్ ఆవిరి పీల్చడం వల్ల మెదడు దెబ్బతిందమ్మా. పోయింది తిరిగొస్తుందని నేను చెప్పలేను. ఉన్నది నిలవాలంటే మాత్రం ఆ షెడ్డులోంచి ఇతన్ని బయటికి తీసెయ్యాలి."

నూకరత్నానికి అంతకన్నా వివరం అక్కర్లేదు. తడిసిన సరుకు తడిసింది, మిగిలిన గంప ఒడ్డున పెట్టుకోవాలి. మొక్కలకు నీళ్ళు పొయ్యడమో, గేటు దగ్గర నిలబడడమో, ఎండలో గాలిలో ఏ పనైనా సరే, ఎల్లాజీకి షెడ్డు బయట పని కావాలి. ఆమెకు కావలసింది అదొక్కటే. మర్నాడే గంప పక్కింటావిడకు అప్పజెప్పి, ఆసుపత్రి కాయితం కొంగున కట్టుకుని కార్పొరేషన్‌కి వెళ్ళింది.

కార్మిక సంక్షేమాధికారి పరాంకుశం గారు మాట్లాడుతుంటే మెమో చదువుతున్నట్టుండేది.

"సదరు ఎల్లాజీ నీ భర్తయేనా?"

"పెళ్ళినాడు ఉట్టి ఎల్లాజీయే బాబూ. మీ దగ్గర సేరినాకే సదరు అయినాడు."

పరాంకుశం గారు ఆసుపత్రి కాయితాన్ని చివర్లు పట్టుకుని చదివారు. చదివి, నిదానంగా నవ్వారు.

"అసంభవం. రంగుల షెడ్డులో పనిచేసే ప్రతి కార్మికునికీ సంస్థ దినదినమూ బెల్లం సరఫరా చేస్తున్నది. బెల్లం గొంతు దిగుతూ సదరు ఆవిరిని తనతో తీసుకుపోతుంది. సంస్థ స్థాపించిన నాటి నుంచి అమలులో ఉన్న శాస్త్రమిది."

"ఆ సాస్త్రం రాసినాయన షెడ్డులో పని సేసినాడా బాబూ?"

"వారు స్టోర్సులో పనిచేశారు. బెల్లం కొనుగోలు వారే చూసేవారు." పరాంకుశం గారు కుర్చీలో వెనక్కి వాలారు. "బెల్లం తిన్నవానికి ఈ జబ్బు రాదు. నీ భర్తకు వచ్చినది. దీనిని బట్టి ఏమి తేలుతున్నది?"

"బెల్లం పని సెయ్యనేదని తేల్తంది."

"కాదు. నీ భర్త బెల్లం తినలేదని తేలుతున్నది. ప్రభుత్వ బెల్లాన్ని దారి మళ్ళించాడని తేలుతున్నది."

షెడ్డులో ఎవరూ బెల్లం తినరని నూకరత్నానికి తెలుసు. ఆ వాసనలో మంచినీళ్ళే దిగవు, బెల్లమెలా దిగుతుంది? అందరూ రుమాల్లో కట్టుకుని ఇంటికి పట్టుకుపోతారు. ఆ బెల్లంతో ఆమె ఇంట్లో పిల్లలు అట్లు తింటూ పెరిగారు. కానీ ఎదుటివాడు అడగని సరుకు గంపలోంచి బయటికి తీసే అలవాటు ఆమెకు లేదు.

వారం తిరక్కుండా ఎల్లాజీకి బదిలీకి బదులు నేరారోపణ పత్రం వచ్చింది. విచారణలో పరాంకుశం గారు అడిగారు.

"నీవు బెల్లము తింటివా, లేదా?"

ఎల్లాజీ చాలాసేపు ఆలోచించాడు. "గేపకం నేదు బాబూ."

"బెల్లము తినినట్లు సదరు కార్మికుడు నిరూపించుకొనలేకపోయెను," అని పరాంకుశం గారు గుమాస్తాకు చెప్పి రాయించారు.

నూకరత్నం గుమ్మంలోంచి అరిచింది. "గేపకం నేదన్నదే గదేటి బాబూ జబ్బు!"

"జబ్బు వేరే ఫైలమ్మా. ఇది బెల్లం ఫైలు."

బెల్లం ఫైలు పైకి వెళ్ళింది. మేనేజింగ్ డైరెక్టరు గారు కొత్తగా వచ్చిన మనిషి. ఏదో ఒకటి చేసి చూపాలన్న ఉత్సాహం మీద ఉన్నారు. ఒక కార్మికుడు బెల్లం దారి మళ్ళించాడంటే మిగతావాళ్ళ మాటేమిటని ఆయనకు నిద్ర పట్టలేదు. కార్మికుడి మెదడు జాతి సంపద, బెల్లం దానికి కాపలా, కాపలాకి మళ్ళీ కాపలా అవసరమని ఒక సర్క్యులర్ జారీ చేశారు. ఆ ప్రకారం బెల్లం భక్షణ పర్యవేక్షక సంఘం ఏర్పడింది. కంపెనీ డాక్టరు చిదానందం గారు అధ్యక్షులు, పరాంకుశం గారు కార్యదర్శి.

ఇక్కడ ఒక చిక్కు వచ్చింది. పీపాల కార్పొరేషన్లో తనిఖీ అంటే ఒక పద్ధతుంది. పెద్దలు వచ్చే ముందురోజు షెడ్డు తలుపులు బార్లా తీస్తారు. అద్దె ఫంకాలు తెచ్చి పెడతారు. థిన్నర్ డబ్బాలు ప్రహరీ వెనక దాస్తారు. అంచేత వచ్చిన ప్రతి పెద్దమనిషీ సముద్రపు గాలి పీల్చి, అంతా బాగుందని రాసి వెళ్ళిపోతాడు. కొత్త ఎండీ గారికి ఈ సంగతి ఎవరో చెప్పారు. ఆయన నిప్పులు చెరిగారు.

"ఈ సంఘం యథార్థ పరిస్థితులలో పనిచేయవలెను. తలుపులు మూసి, కార్మికులతో సమానంగా, షిఫ్టు ఆసాంతం షెడ్డులోనే కూర్చుని పర్యవేక్షించవలెను. ఆదర్శప్రాయంగా సభ్యులు కూడా బెల్లం తినవలెను."

షెడ్డు మధ్యలో ఆకుపచ్చ గుడ్డ పరిచిన బల్ల వేశారు. ప్రారంభోత్సవం రోజున బల్ల మీద పూలదండ వేసిన బెల్లం అచ్చు ఉంది. కార్మికులు వరసగా వచ్చి బెల్లం ముక్క నోట్లో వేసుకుని, నమిలి, మింగి, నాలుక బయటపెట్టాలి. చిదానందం గారు టార్చి వేసి గొంతులోకి చూసి "భక్షితం" అనేవారు. పరాంకుశం గారు పుస్తకంలో ముద్ర కొట్టేవారు.

నూకరత్నం పరాంకుశం గారి కాళ్ళకు అడ్డం పడినంత పని చేసింది.

"మీరు సంగం ఎట్టుకోండి, సంబరం సేసుకోండి, నాను కాదన్ను. ఇది తేలీదాకా మా ఆయన్ని బయట మొక్కల కాడ ఎయ్యండి బాబూ. అదొక్కటే అడగతన్నాను."

"అదెలా కుదురుతుంది? విచారణ ముగిసే వరకు సాక్ష్యాన్ని ఉన్నచోటి నుంచి కదిలించరాదు."

"ఏ సాచ్చికం?"

"నీ భర్తేనమ్మా సాక్ష్యం."

ఎల్లాజీ అన్నం క్యారేజీ మర్చిపోయి వెళ్ళడం అలవాటు కావడంతో మధ్యాహ్నం పూట నూకరత్నం దాన్ని పట్టుకుని వచ్చేది. గేటు కాపలా తవుడు ఆమెకు వరసకి మేనల్లుడు. షెడ్డు తలుపుదాకా రానిచ్చేవాడు. తలుపుకున్న అద్దంలోంచి ఆమె లోపలికి చూసేది. మొదట్లో అధికారులు జేబురుమాళ్ళు ముక్కుకి కట్టుకుని కూర్చునేవారు. కొన్నాళ్ళకు రుమాళ్ళు దిగాయి. వాసన అలవాటైపోయిందని చిదానందం గారు సంతోషంగా చెప్పుకున్నారు. దాన్ని బెల్లం మహిమగా పుస్తకంలోకి ఎక్కించారు. ఆ తరవాత తలనొప్పులు వచ్చాయి. తలనొప్పికి బెల్లం మోతాదు పెంచారు.

"అత్తా, డాక్టరు బాబు తేడాగున్నాడే," అన్నాడు ఒకరోజు తవుడు. "పొద్దున్న నన్ను సూసి నిలబడి దండం ఎట్టినాడు. ఎండీ గారనుకున్నాడేటో."

"నువ్వేటన్నావురా?"

"నానేటంతాను, సరే కూకో అన్నాను. వచ్చిన దండం కాదంతానేటి?"

నూకరత్నం నవ్వింది కానీ, నవ్వు మధ్యలోనే ఆగిపోయింది. ఆ మధ్యాహ్నం ఆమెను సాక్షిగా లోపలికి పిలిచారు. ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుని బల్ల ముందు నిలబడింది.

"అమ్మా, నీ ఇంటికి బెల్లము వచ్చినదా?" అన్నారు చిదానందం గారు.

"రానేదు బాబూ."

ఆయన రాసుకున్నారు. మంచినీళ్ళు తాగారు. తలెత్తి ఆమెను ఎగాదిగా చూశారు.

"ఎవరమ్మా మీరు?"

"ఎల్లాజీ పెళ్ళాన్ని బాబూ."

"ఎల్లాజీ ఎవరు?"

"అద్గో, మీ ముందర నాలిక బయట ఎట్టుకుని నిలబడ్డాడు. మీరే లోపలికి ఎట్టమన్నేదు."

"సంతోషం. నీ ఇంటికి బెల్లము వచ్చినదా?"

"ఇప్పుడే సెప్పినాను గదేటి!"

"చెప్పలేదు! ఈమె చెప్పిందా, పరాంకుశం గారూ?"

పరాంకుశం గారు బెల్లం అచ్చు మీద శ్రద్ధగా ముద్రలు కొడుతున్నారు. ఎవరో నవ్వినట్టు వినిపించి ఆయన ఉన్నట్టుండి లేచి, ముద్ర గోడకేసి విసిరికొట్టారు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. ఒక్క క్షణం తరవాత ఎందుకు లేచారో తెలియనట్టు చుట్టూ చూసి కూర్చున్నారు.

ఆ చూపు నూకరత్నానికి బాగా తెలుసు. రోజూ సాయంత్రం తన ఇంటి గుమ్మంలోకి వచ్చే చూపది. ఆమెకు జాలి కలిగింది. జాలి వెనకాలే ఆశ పుట్టింది. ఇన్నాళ్ళూ పెద్దాసుపత్రి కాయితం చెప్పలేనిది ఇప్పుడు వీళ్ళ తలకాయలే చెబుతాయి. కొనేవాడి గంపలో కూడా అదే పుచ్చు కనిపించినప్పుడు, పుచ్చు లేదని ఎంతసేపు వాదిస్తాడు?

ఎంతసేపైనా వాదించగలడని ఆమెకు అప్పటికి తెలియదు.

సంఘం ఎన్నాళ్ళకీ తేల్చకపోయేసరికి ఎండీ గారు గడువు పెట్టారు. ఎల్లాజీ మెదడు సాధారణ స్థాయిలో ఉన్నదీ లేనిదీ పరీక్షించి నివేదిక ఇవ్వమన్నారు. సాధారణ స్థాయి అంటే ఏమిటన్న ప్రశ్న వచ్చింది. దానికి సర్క్యులర్లోనే జవాబుంది. అధికారి మేధస్సే ప్రమాణం. అధికారి జవాబుతో కార్మికుడి జవాబు సరిపోతే కార్మికుడు సాధారణం, సరిపోకపోతే అసాధారణం.

పరీక్ష రోజున షెడ్డు తలుపు కాస్త తీసి నూకరత్నాన్ని గుమ్మంలో నిలబడనిచ్చారు. చిదానందం గారు పెద్దాసుపత్రి పద్ధతిలోనే మొదలుపెట్టారు.

"ఎల్లాజీ, మూడు మాటలు చెబుతాను. గుర్తు పెట్టుకో. ఏనుగు, గొడుగు, నిమ్మకాయ. కాసేపాగి అడుగుతాను."

కాసేపు ఆగారు. ఆ కాసేపట్లో అందరికీ బెల్లం పంచారు. పరాంకుశం గారు కళ్ళజోడు కోసం వెతుక్కుంటే కార్మికుడొకడు ఆయన ముక్కు మీదిది చూపించాడు. చిదానందం గారు గడియారం చూసుకుని గొంతు సవరించుకున్నారు.

"ఆ మాటలేవి?"

ఎల్లాజీ పెళ్ళాం వైపు చూశాడు. నేల వైపు చూశాడు. "గేపకం నేదు బాబూ," అన్నాడు చిన్నగా.

నూకరత్నం గుండె తేలికపడింది. ఒక పక్క ఏడుపొస్తున్నా సరే, తేలికపడింది. ఇంక వీళ్ళు కాదనలేరు.

చిదానందం గారు పరాంకుశం గారి వైపు వంగారు. "సరిపోయిందా?"

"దేనితో?"

"అసలు మాటలతో."

"అవి మీరే కదా చెప్పారు."

"నేను చెప్పానా?"

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. మెల్లమెల్లగా చిదానందం గారి మొహం వికసించింది.

"ఆ మాటలు నాకు గుర్తు లేవు. మీకు గుర్తు లేవు. ఇతనికీ గుర్తు లేవు. అక్షరాలా సరిపోయింది! రాయండి, పూర్తి సాధారణం!"

"ఏనుగు! గొడుగు! నిమ్మకాయ!" అని నూకరత్నం గుమ్మంలోంచి కేక పెట్టింది.

అధికారులిద్దరూ ఉలిక్కిపడి ఆమె వైపు తిరిగారు. చిదానందం గారి కళ్ళలో వైద్యుడి సానుభూతి కనిపించింది.

"ఈమె జవాబు ఎవరితోనూ సరిపోవడం లేదు," అన్నారాయన నెమ్మదిగా. "అసాధారణం. పాపం, ఇంటికి బెల్లం వెళ్ళి ఉండదు."

నివేదిక పైకి వెళ్ళింది. ఎల్లాజీ సంపూర్ణ మానసిక స్వస్థత గలవాడనీ, అతని మేధస్సు సంస్థ అధికారుల మేధస్సుకు ఏమాత్రం తీసిపోదనీ, షెడ్డు వల్ల హాని లేదనీ, బెల్లం కేసు కొట్టివేయడమైనదనీ అందులో ఉంది. సంఘం తన కర్తవ్యాన్ని దిగ్విజయంగా పూర్తి చేసినందుకు ఎండీ గారు అభినందించారు. అధిక మేధాశ్రమ వల్ల అలసిన అధ్యక్షుణ్ణీ, కార్యదర్శినీ పూర్తి జీతంతో కొండ మీది విశ్రాంతి గృహానికి పంపించారు. కారు ఎక్కించడానికి ఇద్దరు మనుషులు కావలసి వచ్చింది. శుభ్రమైన గాలి వారికి తక్షణావసరమని ఉత్తర్వులో రాశారు.

ఆ ఉత్తర్వును తవుడు గేటు దగ్గర చదివి వినిపించాడు. నూకరత్నం రెండుసార్లు చదివించుకుంది.

"ఆలకి సుబ్బరమైన గాలి కావాలంటరా?"

"అలగే రాసినారత్తా."

"మా ఆయనికో?"

"ఆయన పూర్తి బాగున్నాడని రాసినారు గదా. బాగున్నోడికి గాలెందుకంతారు."

ఆమె గేటు గట్టు మీద కూలబడి చాలాసేపు లెక్క వేసుకుంది. జబ్బని చెప్పి బయటికి తేలేం. ఆ దారి మూసేశారు. కానీ బాగున్నాడని వాళ్ళే సంతకాలు పెట్టి ఇచ్చారు. అమ్ముడుపోని సరుకు చేతికొచ్చినప్పుడు దాన్ని తిట్టుకుంటూ కూర్చుంటే కుళ్ళిపోతుంది. దాన్ని కొనేవాడెక్కడున్నాడో వెతకాలి. కార్పొరేషన్లో స్వచ్ఛంద విరమణ పథకం ఒకటుందని ఆమె విన్నది. దానికి ఒకటే షరతు. దరఖాస్తు చేసేవాడు సంపూర్ణ మానసిక స్వస్థత కలిగి ఉండాలి.

మర్నాడు ఆ నివేదిక నకలే తీసుకెళ్ళి, ఎల్లాజీ చేత సంతకం పెట్టించి, పరాంకుశం గారి కుర్చీలో తాత్కాలికంగా కూర్చున్న గుమాస్తా ముందు పెట్టింది. గుమాస్తా కాయితం తిరగేసి తిరగేసి చూశాడు. తప్పు దొరకలేదు. ఎల్లాజీ మెడలో వీడ్కోలు పూలదండ వేయించి నూకరత్నం అతన్ని షెడ్డు బయటికి నడిపించుకొచ్చింది. వచ్చిన విరమణ సొమ్ము తక్కువే. జబ్బుకి ఇవ్వవలసిన పరిహారం ముందు అది పులుసులో కరివేపాకంత. అయినా ఆమె బేరమాడలేదు. మిగిలిన మనిషిని తీసుకుని ఇంటికెళ్ళింది.

తెల్లారి లేచి చూస్తే పక్క మీద ఎల్లాజీ లేడు.

పరుగున గేటు దగ్గరికి వెళ్ళింది. పాత చొక్కా తొడుక్కుని తవుడితో తగువు పెట్టుకుంటున్నాడు. "పని కాడికి ఎల్లాలిరా, తలుపు తియ్యి!" కొడుకు పేరు తడుముకునే మనిషి, ఇంటి గుమ్మం గుర్తు పట్టని మనిషి, షెడ్డుకి దారి మాత్రం మర్చిపోలేదు. మర్నాడూ అదే జరిగింది. ఒకోరోజు తవుడు ఆపేలోగా లోపలికి దూరి పీపాలో తల పెట్టేవాడు. లోపలివాళ్ళు జాలిపడి చేతికి గుడ్డ ఇచ్చేవారు.

ఈ సంగతి ఎండీ గారి దాకా వెళ్ళింది. ఆయన కళ్ళు చెమర్చాయి. ఫొటో తీయించి కంపెనీ పత్రికలో వేయించారు. "విరమణానంతరం కూడా జీతం ఆశించక షెడ్డుకు పరుగు పరుగున వస్తున్న ఆదర్శ కార్మికుడు. రంగుల షెడ్డు వాతావరణం ఎంత ఆహ్లాదకరమో చెప్పడానికి వేరే సాక్ష్యం కావలెనా?"

నూకరత్నం ఆ పత్రిక చూడలేదు. ఆమెకు తీరిక లేదు. సంతలో స్థలం వదులుకుని గంప తెచ్చి కార్పొరేషన్ గేటు ఎదురుగా పెట్టుకుంది. సంత బేరాల్లో సగం కూడా ఇక్కడ జరగవు. అయినా పొద్దున్నే ఎల్లాజీ వచ్చేసరికి దారికి అడ్డంగా తను ఉంటుంది. చెయ్యి పట్టుకుని పక్కన కూర్చోబెట్టుకుంటుంది. అతను మధ్యాహ్నం దాకా గేటు వంకే చూస్తూ కూర్చుంటాడు.

కొద్దిరోజులకు తవుడు తల దించుకుని ఒక కాయితం పట్టుకొచ్చాడు.

"నోటీసత్తా. నీకే."

"సదువు."

తవుడు చదివాడు. "గేటు ఎదుట విక్రయించబడుచున్న ఎండుచేపల దుర్గంధము కార్మికుల ఆరోగ్యమునకు, ప్రత్యేకించి మెదడునకు, హానికరమని సంస్థ భావించుచున్నది. సదరు వాసనను దీర్ఘకాలము పీల్చిన కార్మికులు జ్ఞాపకశక్తి కోల్పోయి, తాము పనిచేయు షెడ్డునకు దారి మరచిపోవు ప్రమాదము కలదు. కావున వెంటనే తొలగించవలెను."

నూకరత్నం చేతిలో ఉన్న చేప గంపలో పెట్టింది.

"ఆ ఆకరి ముక్క మల్లీ సదువు."

"షెడ్డునకు దారి మరచిపోవు ప్రమాదము కలదు."

ఆమె గంప అడుగున చెయ్యి పెట్టి, నాలుగిళ్ళ అవతలికి వాసన కొట్టే ఎండు సొరచేప ముక్కలన్నీ పైకి తీసింది. వాటిని తాటాకు చాప మీద విడివిడిగా పరిచింది. గాలి ఎటు వీస్తోందో చూసుకుని చాపను కాస్త పక్కకు జరిపింది. పాత చొక్కా తొడుక్కుని మలుపు తిరిగి వస్తున్న ఎల్లాజీ మొహానికి ఆ వాసన సూటిగా కొట్టేలా కూర్చుని, విసనకర్ర అందుకుంది.